కవలల మొదటి ఏడాది: ఎవరు ఎప్పుడు ఏం చేశారో మీకు విడివిడిగా గుర్తుందా?

జంటమొగ్గలు_కాకినాడ
మా అమ్మాయిలిద్దరూ యూకేజీ. శుక్రవారం స్కూల్ నుంచి చెరో కాగితం తెచ్చారు. పైన "నా మొదటి ఏడాది" అని ఉంది. ఒక ఫోటో అంటించాలి. కింద ఖాళీలు: మొదటి నవ్వు, మొదటి పన్ను, మొదటి అడుగు, మొదటి మాట, అమ్మ చెప్పే ఒక జ్ఞాపకం. సోమవారం ఇవ్వాలి.

రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చున్నాను. పెద్దదాని కాగితం పావుగంటలో నిండింది. చిన్నదాని కాగితం ముందు గంటన్నర కూర్చున్నా ఒక్క గడి నిండలేదు.

2020 ఫిబ్రవరి 11న పుట్టారు, 33 వారాలకే. పెద్దది కిలో 850, చిన్నది కిలో 420. పెద్దది 12 రోజులకి ఇంటికొచ్చింది, చిన్నది 24 రోజులకి. అది వచ్చిన మూడు వారాల్లోపే లాక్‌డౌన్. ఆయన చెన్నైలో ఇరుక్కుపోయారు. పుట్టింట్లో నేను, మోకాళ్ళ నొప్పులతో అమ్మ, నాన్న, ఇద్దరు పసికందులు. గుర్తున్నదంతా కలగాపులగంగా గుర్తుంది. "పిల్లలు నవ్వారు", "పిల్లలు పాకారు" అని. ఏ పిల్ల?

మా అత్తయ్య "రెండిట్లోనూ ఒకటే రాసెయ్యమ్మా, ఎవరు చూస్తారు" అన్నారు. చిన్నది చూస్తుంది. దానికి చదవడం వచ్చేసింది.

మీకెవరికైనా ఇలా జరిగిందా? ఏం చేశారు?

నైట్‌షిఫ్ట్_నాన్న
మాకు మగపిల్లలు, ఇప్పుడు మూడేళ్ళు. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండేవారు. మొదటి రెండు నెలలు నాకు గుర్తున్నది గోడ గడియారం ఒక్కటే. రెండింటికి ఒకడు, రెండూ నలభైకి ఇంకొకడు, నాలుగున్నరకి మళ్ళీ మొదటివాడు.

ఒకరోజు తెల్లవారుజామున ఒకడికే రెండుసార్లు పాలు పట్టేశాను. వాడు మొత్తం కక్కేశాడు, రెండోవాడు ఆకలితో గుక్కపట్టాడు. ఆ రోజే మా ఆవిడ పెద్దవాడి కాలి బొటనవేలికి ఎర్ర గోళ్ళరంగు వేసింది. ఆరు నెలల దాకా తియ్యలేదు.

కోనసీమ_వదిన
గోళ్ళరంగు మేమూ వేశాం. మా అత్తగారు అంతకన్నా ముందే ఒకదానికి నల్లతాడు, ఒకదానికి ఎర్రతాడు కట్టారు మొలకి. స్నానం చేయించేటప్పుడు తాడు ఊడితే ఇల్లంతా టెన్షన్.

ఓరుగల్లు_సంధ్య
అక్కా, నీ ఒక్కదానికే కాదు. మా బిడ్డలకు ఏడాది నిండి నాలుగు నెలలే అయింది, నాకు ఇప్పుడే గుర్తులేదు. తొట్టెల ఫంక్షన్ నాడు ఎవరిని ముందు వేసినమో ఫోటోలు చూసి కూడా చెప్పలేకపోతున్న. ఇద్దరికీ ఒకటే రంగు గౌన్లు వేసినం మరి.

నైట్‌షిఫ్ట్_నాన్న
ఒకే బట్టలు వేయడం పెద్ద పొరపాటు. ఫోటోలు పనికిరాకుండా పోతాయి.

కోనసీమ_వదిన
పొరపాటు అనకండి. కవలలకి ఒకే రకం గౌన్లు వేసి చూసుకోవాలని ఏ తల్లికుండదు? ఆ ముచ్చట మళ్ళీ రాదు.

డల్లాస్_తులసి
మేము రంగులు పంచేశాం. పాపకి పసుపు, బాబుకి ఆకుపచ్చ. సీసాలు, దుప్పట్లు, టోపీలు అన్నీ. ఆడా మగా కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాదు, కానీ చీకట్లో ఏ సీసా ఎవరిదో తెలియాలి కదా.

మొదటి ఏడాది తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు. ఇక్కడ నెలలు నిండని పిల్లల్ని పంపేముందు కార్ సీట్లో గంటన్నర కూర్చోబెట్టి ఊపిరీ గుండె వేగమూ చూస్తారు. బాబు గట్టెక్కాడు, పాపకి ఊపిరి తగ్గింది, ఆపేశారు. వెనక రెండు సీట్లు బిగించుకుని వెళ్ళాం. ఒకటి ఖాళీగా ఇంటికొచ్చింది. మా ఆయన దారంతా అద్దంలో ఆ ఖాళీ సీటే చూస్తూ నడిపారు. పాప ఇంకో ఎనిమిది రోజులకి వచ్చింది.

జంటమొగ్గలు గారూ, మీ చిన్నమ్మాయి 24 రోజులు అక్కడే ఉందన్నారు కదా, అందుకే అడుగుతున్నా. ఆ మధ్య 12 రోజులు మీరెలా ఉన్నారు?

జంటమొగ్గలు_కాకినాడ
@డల్లాస్_తులసి ఆ 12 రోజులూ మాత్రం బాగా గుర్తున్నాయి అండి. పొద్దున్నే పెద్దదానికి పాలిచ్చి అమ్మకి అప్పజెప్పి, పిండిన పాలు చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుని ఆటోలో వెళ్ళేదాన్ని. ట్యూబుతో పట్టేవారు. 8 మి.లీ., 10 మి.లీ. అక్కడ ఉన్నంతసేపు ఇంట్లో ఉన్నదాని గురించి, ఇంట్లో ఉన్నంతసేపు అక్కడున్నదాని గురించి. ఆటోలో మాత్రం ఎవరి దగ్గరా లేను.

ఎన్‌ఐసీయూ_సిస్టర్
పదకొండేళ్ళుగా ఎన్‌ఐసీయూలో, అంటే అప్పుడే పుట్టిన పసిపిల్లల ఐసీయూలో, నర్సుని. కవల పిల్లల్లో సగానికి పైగా 37 వారాల లోపే పుడతారు, కాబట్టి ఈ ఆటో ప్రయాణాలు మాకు రోజూ కనిపించేవే. ఒక తల్లి ఒక బిడ్డతో ఇంట్లో ఉంటుంది, రెండో బిడ్డ మా దగ్గర.

జంటమొగ్గలు గారికి పనికొచ్చే మాట ఒకటి. మీ పిల్లలు ఏడు వారాలు ముందు పుట్టారు. నవ్వు, బోర్లా పడటం, కూర్చోవడం లాంటివి పుట్టినరోజు నుంచి కాకుండా, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కేసుకోవాలి. నవ్వు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలకి వస్తుంది. మీ వాళ్ళకి మూడు నెలలు దాటాక వచ్చి ఉంటుంది. అంటే 2020 మే రెండో వారం నుంచి జూన్ మొదటి దాకా వెతకండి. ఫోన్‌లో ఫోటోల తేదీలు చూడండి. టీకాల కార్డు ఉంటే దాంట్లో బరువులు తేదీలతో సహా ఉంటాయి. టీకాలు మాత్రం పుట్టినరోజు లెక్కనే వేస్తారు, అక్కడ కలగలపకండి.

చదివే మిగతావాళ్ళ కోసం ఇంకొకటి. 34 వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు గానీ పుట్టిన పిల్లలకి పుట్టిన నెల లోపల కంటిపాప వెనక రెటీనా పరీక్ష చేయించాలి. బాగానే చూస్తున్నాడు కదా అని వదిలేయొద్దు. తల్లికి బయటికి ఏమీ తెలియదు.

కోనసీమ_వదిన
సిస్టర్ గారు చెప్పింది నిజం. మా అన్నయ్య కవలల్లో ఒకడికి ఆ పరీక్షలోనే బయటపడింది, లేజర్ చేశారు. ఇప్పుడు ఆరో తరగతి, క్రికెట్ ఆడతాడు. రెండోవాడికి ఏమీ లేదు. ఒకే రోజు పుట్టినా ఒక్కొక్కరిదీ ఒక్కో కథ.

కవలల్లో_రెండోవాణ్ణి
నేను తల్లినీ తండ్రినీ కాను, కవలల్లో ఒకణ్ణి. వయసు 41. మాది నల్గొండ దగ్గర పల్లె. ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాస్తా.

మేము పుట్టినప్పుడు అమ్మకు 20 ఏళ్ళు. పాలు ఇద్దరికీ చాలడం లేదని మూడో నెలలో నన్ను అమ్మమ్మ తీసుకుపోయింది. ఆమె ఇంట్లో పాడి ఉండేది. అన్నయ్య అమ్మ దగ్గర, నేను నాలుగు కిలోమీటర్ల దూరంలో. ఏడాది నిండేదాకా అక్కడే. నాకు మొదట వచ్చిన మాట "అమ్మ". అది అమ్మమ్మను చూసి అన్నానట. అన్నయ్య మొదటి అడుగు అమ్మకు తెలుసు. నాది తెలియదు.

మాకున్నది ఒకే ఫోటో. స్టూడియోలో, ఇద్దరినీ చెక్క కుర్చీలో కూర్చోబెట్టి తీసింది. ఎవరు ఎవరో మాకు తెలియదు. ఎడమ పక్కవాడు నువ్వని అన్నయ్య నాతో అంటాడు, కాదు నువ్వేనని నేనంటా. పెళ్ళయ్యాక ఒకసారి అమ్మను అడిగినం. ఆమె ఒక్క చూపు చూసి, "కుడి పక్కవాడు నువ్వు. నా కొంగు గుప్పిట పట్టుకున్నవ్ చూడు, వదిలిపోతానేమోనని" అన్నది. ఫోటో అంచున చిన్నగా చీర కొంగు ఉంది. అన్నేళ్ళు చూసినా మాకు ఎన్నడూ కనపడలేదు.

కాబట్టి అక్కా, ఆ కాగితం ఖాళీగా ఇయ్యకు. రెండిట్లో ఒకటే రాయకు కూడా.

ఓరుగల్లు_సంధ్య
చదివి ఏడ్చిన అన్నా.

మా ఇంట్లో కూడా ఇదే మాట నడుస్తుంది. "ఒకదాన్ని మేం పెంచుతం, నీకు బరువు తగ్గుతది" అని మా అత్తమ్మ వాళ్ళు. నేను ఒప్పుకోలేదు. తప్పు చేసిననా అని అప్పుడప్పుడు అనిపించేది. ఇప్పుడు అనిపించదు.

అమ్మమ్మ_64
పిల్లలూ, ఆ రోజులు మీకు తెలియవు. డబ్బా పాలు కొనే స్తోమత ఎవరికుంది? బాలింత చచ్చిపోతుందేమో అన్నట్టు ఉండేది పరిస్థితి. ఒక బిడ్డని అమ్మమ్మ తీసుకెళ్ళింది అంటే ప్రేమ లేక కాదు. ఆ అమ్మమ్మ లేకపోతే బాబు ఇవాళ ఇది రాసేవాడు కాదేమో.

కవలల్లో_రెండోవాణ్ణి
అమ్మమ్మగారూ, మా అమ్మమ్మ మీద నాకు ఒక్క మాట లేదు. ఆమె చేతుల మీదనే పెరిగిన. అమ్మ ప్రతి ఆదివారం నడిచి వచ్చేదట, అన్నయ్యను చంకలో వేసుకుని. అది కూడా నాకు పెద్దయ్యాకనే తెలిసింది. ఎవరూ చెప్పలేదు. చెప్తే బాగుండేది, అంతే.

నైట్‌షిఫ్ట్_నాన్న
@ఓరుగల్లు_సంధ్య మీరు చేసిందే సరైంది. కాకపోతే ఇంట్లో ఇంకో రెండు చేతులు లేకుండా ఇద్దర్నీ ఒక్కరే మోయడం అసాధ్యం. మా ఇంట్లో మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం: రాత్రి 9 నుంచి 2 దాకా ఆమె నిద్ర, 2 నుంచి 7 దాకా నేను. ఎవరు ఏడ్చినా డ్యూటీలో ఉన్నవాళ్ళే లేవాలి. నా ఆఫీసు పని కూడా దాని ప్రకారమే మార్చుకున్నా.

డల్లాస్_తులసి
మాకు ఆ రెండు చేతులు ఇండియా నుంచి వచ్చాయి. మా అమ్మ మొదటి ఆరు నెలలు, ఆమె విసా గడువు అయ్యే వారంలో అత్తయ్య దిగారు. ఎయిర్‌పోర్టులో ఒకరికొకరు పిల్లల లెక్కలు అప్పజెప్పుకున్నారు. "పాపకి ఎడమ పక్క పడుకోబెడితేనే నిద్ర, బాబుకి వీపు నిమరాలి" అని. నాకు తెలియని సంగతులు నా పిల్లల గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడి విన్నాను.

పాలకి మాత్రం ఒకటే పద్ధతి పెట్టాం. ఒకళ్ళు లేస్తే రెండోవాళ్ళనీ లేపెయ్యడమే. లేకపోతే రోజంతా పాలు పట్టడమే అవుతుంది.

అమ్మమ్మ_64
నిద్రపోయే పసిబిడ్డని లేపడమేమిటమ్మా. నిద్రలోనే కదా బిడ్డ పెరిగేది.

ఎన్‌ఐసీయూ_సిస్టర్
అమ్మా, నెలలు నిండి మంచి బరువుతో పుట్టిన బిడ్డ అయితే కొన్నాళ్ళకి మీ మాటే సరి. బరువు తక్కువ పిల్లలు అలా కాదు. వాళ్ళు ఆకలికి కూడా లేవలేరు. రెండు మూడు గంటలకోసారి లేపి పట్టాల్సిందే. కవలల్లో నెమ్మదిగా ఉండే బిడ్డ ఇక్కడే నష్టపోతుంది. గట్టిగా ఏడ్చేవాళ్ళకి ముందు పాలు దొరుకుతాయి, ఏడవని బిడ్డని "బంగారం, ఎంత బుద్ధిమంతురాలో" అంటారు. వారం తర్వాత తూకం వేస్తే తెలుస్తుంది.

జంటమొగ్గలు_కాకినాడ
సిస్టర్ గారూ, మీరు రాసిన ఆ మాట నా గుండెల్లో దిగింది. చిన్నది ఏడ్చేది కాదు. ఇంట్లో అందరూ దాన్ని బంగారం అనేవారు.

ఎన్‌ఐసీయూ_సిస్టర్
మిమ్మల్ని బాధపెట్టాలని కాదమ్మా. కిలో 420 బిడ్డ ఇవాళ చదవడం నేర్చుకుందంటే ఎవరో లేపి పాలు పట్టారనే కదా.

గోదారి_గట్టు
ఇంతకీ పెద్దది, చిన్నది అంటున్నారు కదా, ఎలా లెక్కపెట్టారు? మా వైపు పాతవాళ్ళు వెనక పుట్టినవాళ్ళే పెద్ద అంటారు. ముందు లోపలికి వెళ్ళినవాడే వెనక బయటికొస్తాడని.

నైట్‌షిఫ్ట్_నాన్న
అదేం బస్సా అండి, ముందెక్కినవాడు చివర దిగడానికి.

గోదారి_గట్టు
నమ్మకం సంగతి చెప్పానండి. మా రంగంపేట మండలంలో దొడ్డిగుంట ఉంది కదా, కవలల ఊరని పేరు. అక్కడి బావి నీళ్ళు తాగితే కవలలు పుడతారని ఎక్కడెక్కడి నుంచో వచ్చి డబ్బాల్లో పట్టుకెళ్తారు. నీళ్ళలో ఏముందో నాకు తెలియదు గానీ, పట్టుకెళ్ళేవాళ్ళు ఈ చర్చ ఒకసారి చదివితే మంచిది.

కోనసీమ_వదిన
చదివినా పట్టుకెళ్తారు. నేనైతే మళ్ళీ పట్టుకెళ్తాను.

ముగ్గురి_అమ్మ
చాలాసేపటి నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అని.

నాకు ముగ్గురు పుట్టారు. 30వ వారం. ఇంటికి ఇద్దరొచ్చారు. మూడోవాడు ఆరు రోజులు ఉన్నాడు.

మొదటి ఏడాదంతా ఎవరొచ్చినా ఒకటే మాట. "ఇద్దరున్నారు కదమ్మా, వీళ్ళని చూసుకో." చూసుకున్నాను. ఇద్దరికీ పాలు పట్టాను, టీకాలు వేయించాను, ఆరో నెలలో అన్నప్రాసన చేశాను. వాడి గురించి మాట్లాడితే ఇద్దరికీ మంచిది కాదన్నారు. మాట్లాడలేదు.

వాడి మణికట్టుకి కట్టిన ప్లాస్టిక్ పట్టీ నా దగ్గరుంది. "బేబీ 3" అని పెన్నుతో రాసి ఉంటుంది. నాకు గుర్తున్నది ఒకటే. ఇంక్యుబేటర్ పక్క గుండ్రటి కిటికీలోంచి చెయ్యి పెట్టనిచ్చారు నాలుగో రోజు. నా చూపుడువేలు పట్టుకున్నాడు. గోరు మీద పట్టు, అంతే, వేలు చుట్టూ తిరిగేంత చెయ్యి లేదు వాడికి.

పిల్లలకి ఉప్పుతో దిష్టి తీసేటప్పుడు మూడుసార్లు తిప్పుతాం కదా. మూడోసారి తిప్పింది వాడికి అనుకుంటాను. ఇప్పటికీ. ఇది మా ఆయనకి కూడా చెప్పలేదు.

డల్లాస్_తులసి
మీరు రాసినందుకు ధన్యవాదాలు. వాడికి పేరు పెట్టారా?

ముగ్గురి_అమ్మ
పెట్టాను. నాలోనే ఉంచుకున్నాను. అడిగినది మీరొక్కరే.

అమ్మమ్మ_64
తల్లీ, మా అమ్మకి కూడా ఒక బిడ్డ అలాగే. నాకు జంటగా పుట్టినవాడు. నాకు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా నాకు తెలియనివ్వలేదు. చెప్పిన రోజున అమ్మ చాలా తేలికపడింది. మీ ఆయనకి చెప్పుకో. ఆయన కూడా ఏదో దాచుకునే ఉంటాడు.

కవలల్లో_రెండోవాణ్ణి
అమ్మమ్మగారూ, మీరూ నాలాంటి వాళ్ళేనన్నమాట. పొద్దున గట్టిగా మాట్లాడిన, ఏమనుకోకండి.

అమ్మమ్మ_64
ఏమీ లేదు నాయనా.

ఓరుగల్లు_సంధ్య
ముగ్గురి అమ్మా, ఇగ నుంచి నేను దిష్టి తీసినప్పుడల్లా నీ కొడుకు యాదికొస్తడు.

కోనసీమ_వదిన
నేను రాద్దామనుకున్నది చాలా చిన్న సంగతి, ఇప్పుడు రాయొచ్చో లేదో. జంటమొగ్గలు గారి ప్రశ్నకే. మీ ఇంట్లో పిల్లలు బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు చేశారా? మా అత్తగారు ఏది ఎప్పుడు చేసిందీ, ఎంత బెల్లం పట్టిందీ క్యాలెండర్ మీద రాసేవారు. నాకు తేదీలన్నీ దాంట్లోంచే దొరికాయి. మీ అమ్మగారిని వంటల లెక్కన అడగండి. బిడ్డ ఎప్పుడు బోర్లా పడిందంటే గుర్తుండకపోవచ్చు, బొబ్బట్లు ఎప్పుడు చేశావంటే ఏ ఆడదానికైనా గుర్తుంటుంది.

నైట్‌షిఫ్ట్_నాన్న
కవలలైతే బొబ్బట్లు రెండుసార్లు చెయ్యాలా? మా ఇంట్లో ఒకసారే చేశారు.

కోనసీమ_వదిన
రెండుసార్లే! ఇద్దరు బోర్లా పడ్డారు, రెండు వాయిలు.

జంటమొగ్గలు_కాకినాడ
కోనసీమ వదినా, మీ పోస్ట్ చదివి ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను.

అమ్మకి తడుముకోవాల్సిన పనే లేకపోయింది. పెద్దది జులై ఆఖర్లో, శ్రావణ శుక్రవారం నాడు బోర్లా పడింది, ఆ రోజే బొబ్బట్లు చేశాం. చిన్నది సెప్టెంబర్లో. ఆ వారం అమ్మకి కోవిడ్ వచ్చి ముందుగదిలో విడిగా ఉంది. నాన్నా నేనూ ఎలా నెట్టుకొచ్చామో దేవుడికే తెలియాలి. అమ్మ కిటికీలోంచి చూసిందట, చిన్నది చాప మీద బోర్లా పడి, తల ఎత్తలేక ముక్కు చాపకి ఆనించి అలాగే ఉండిపోయిందట. కిటికీ కొట్టి నన్ను పిలిచిందట. నేను వచ్చి తిప్పానట. నాకు ఏమీ గుర్తులేదు.

"దానికి బొబ్బట్లు చెయ్యనేలేదే" అంది అమ్మ ఫోన్‌లో. ఐదేళ్ళ నుంచి ఆ మాట మనసులో పెట్టుకుని ఉంది.

ఎన్‌ఐసీయూ_సిస్టర్
సెప్టెంబర్ అంటే పుట్టాల్సిన రోజు నుంచి లెక్కేస్తే ఐదు నెలలు దాటింది. ఏమీ ఆలస్యం కాదు. కాగితంలో ధైర్యంగా రాయండి.

నైట్‌షిఫ్ట్_నాన్న
మీవారు చెన్నైలో ఉన్నారన్నారు కదా. ఆ నెలల్లో ఆయనకి పంపిన మెసేజ్‌లు వెతకండి. నేను ఆఫీసు నుంచి మా ఆవిడకి పెట్టిన ప్రతి "ఎవరు లేచారు?" కి జవాబు ఇంకా ఫోన్‌లో ఉంది.

జంటమొగ్గలు_కాకినాడ
మెసేజ్‌లు నా పాత ఫోన్‌తో పోయాయి. ఆయన దగ్గర ఉన్నాయేమో అడుగుతా.

గోదారి_గట్టు
ఏమైంది, దొరికాయా? ఆదివారం సాయంత్రం అయింది.

కోనసీమ_వదిన
నేను కూడా అందుకే మాటిమాటికీ తెరుస్తున్నా.

జంటమొగ్గలు_కాకినాడ
దొరికాయి. ఆయన ఒక్కటీ తీసెయ్యలేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నేను పంపిన వాయిస్ మెసేజ్‌లు, రెండొందలకి పైనే. టైపు చేయడానికి చేతులు ఖాళీ ఉండేవి కావు, అందుకని మాట్లాడి పంపేదాన్ని.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఇద్దరం మంచం మీద కూర్చుని విన్నాం. నా గొంతు నాకే కొత్తగా ఉంది. గుసగుసగా, ఎక్కడ లేస్తారోనని. "పెద్దది నలభై తాగింది, చిన్నది పాతిక, మిగతా పదిహేను గంట తర్వాత పడతా." "అంగన్‌వాడీ టీచర్ గేటు బయట నుంచే అడిగి వెళ్ళింది." "టీకాలకి ఇవాళ కూడా రావద్దన్నారు." "ఇవాళ ఆదివారమా?"

మే 17, పెద్దది నవ్వింది. అది నాకు గుర్తున్నదే.

జూన్ 4, తెల్లవారుజామున 4:50. నేను మాట్లాడుతుంటే వెనక ఒక ఏడుపు వినిపించింది. సన్నగా, పిల్లికూన కూతలాగా, మధ్యలో ఆగి మళ్ళీ మొదలయ్యేది. ఆయన "ఇది ఎవరు?" అని అడిగారు. నేను ఆలోచించకుండా "చిన్నది" అన్నాను. ఐదేళ్ళయింది అది అలా ఏడ్చి. చిన్నదేనని నాకెలా తెలిసిందో నాకే తెలియదు. తర్వాత మెసేజ్‌లో నేనే అంటున్నాను, "చిన్నది ఏడుస్తోంది అండి, మొదటిసారి ఇంత గట్టిగా, నాకు సంతోషంగా ఉంది" అని. దాని తర్వాత ఏడుపు ఆగింది. కాసేపు ఏమీ లేదు, ఫ్యాన్ చప్పుడు. తర్వాత నేను, "నన్ను చూసి నవ్వింది. నవ్వింది అండి. ఇది గ్యాస్ కాదు, నన్నే చూసింది."

ఆయన జూన్ 7న వచ్చారు, పద్నాలుగు రోజులు మేడ మీద గదిలో ఉన్నారు. మెట్ల కింద నిలబడి ఒకరి తర్వాత ఒకరిని ఎత్తి చూపించేదాన్ని. అది కూడా ఇవాళే గుర్తొచ్చింది.

కాగితంలో రాశాను. మొదటి నవ్వు: 2020 జూన్ 4, తెల్లవారుజామున 4:50, ఏడ్చి ఊరుకున్నాక.

కవలల్లో_రెండోవాణ్ణి
ఆ మెసేజ్ చిన్నదానికి వినిపించు అక్కా.

ముగ్గురి_అమ్మ
నేను నిన్న రాత్రి ఆయనకి చెప్పాను. మూడోసారి దిష్టి సంగతి. ఆయన పర్సులోంచి ఒక చిన్న ఫోటో తీశారు. అందులో వాడున్నాడని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

అమ్మమ్మ_64
చల్లగా ఉండు తల్లీ.

జంటమొగ్గలు_కాకినాడ
ముగ్గురి అమ్మగారూ, ఏం రాయాలో తెలియడం లేదు. మీ ముగ్గురికీ నా ముద్దులు.

అమ్మ సాయంత్రం బస్సుకి వచ్చేసింది, చెప్పా పెట్టకుండా. సంచిలో రెండు కిలోల బెల్లం, ఏలకులు, ఇంట్లో కాచిన నెయ్యి. ఇప్పుడు పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. చిన్నదాన్ని పిలిచి "ఇవి నీ బొబ్బట్లు" అని చెప్పింది. "నాకొక్కదానికేనా?" అని మూడుసార్లు అడిగింది. పెద్దది "మరి నావి?" అంది. "నీవి నువ్వు ఐదేళ్ళ కిందటే తినేశావు" అంది అమ్మ. అప్పుడు దానికి పళ్ళే లేవని ఇప్పుడు వంటింట్లో గొడవ నడుస్తోంది.

గోదారి_గట్టు
పెద్దదానికి అన్యాయం జరిగినట్టే. పసిపిల్లకి బొబ్బట్టు ఎలా పెడతారు?

కోనసీమ_వదిన
రెండో వాయి పెద్దదానికి వెయ్యండి. శనగపప్పా, కందిపప్పా?

జంటమొగ్గలు_కాకినాడ
శనగపప్పే వదినా. పూర్ణం కాస్త జారుగా వచ్చింది, ఏం చెయ్యాలి?

కోనసీమ_వదిన
సన్న సెగ మీద ఇంకో పది నిమిషాలు తిప్పండి. గరిటె ఆపొద్దు, అడుగంటుతుంది.